కోటు అంచు పట్టుకున్న చెయ్యి

మార్చి 3, సోమవారం

ఈ నోటుబుక్కు పుస్తకాలమ్మాయి ఇచ్చింది. నా ఫోటోలన్నీ కలిపి ఒక పుస్తకం వేస్తున్నారు. వేసే కంపెనీ తరఫున వచ్చే పిల్ల ఈమె. "ముందుమాట కోసం మీకు గుర్తొచ్చినవన్నీ రాయండి సార్, నేను తర్వాత సరిచేస్తాను" అంది. సరే అన్నాను. నేను అన్నిటికీ సరే అంటాను. సరే అంటే మాట్లాడటం త్వరగా అయిపోతుంది.

రాయడం నాకు రాదు. ఊళ్లో బడి ఏడో తరగతి దాకా. అక్షరాలు గుండ్రంగా వస్తాయి, అంతే.

ముందు పేజీలు ఖాళీగా ఉంచాను. ఆమెకి ఇచ్చేది అక్కడ రాస్తాను. ఇది వెనక అట్ట వైపు నుంచి రాస్తున్నాను. ఇది నాకు.

మార్చి 4

ఏమీ రాయలేదు. కళ్లజోడు పుల్ల బిగించుకొచ్చాను.

మార్చి 6, గురువారం

మొదలెలా అయిందో రాయమంది.

పద్దెనిమిదేళ్లకి ఊరు వదిలి ఒక ఫోటో స్టూడియోలో చేరాను. గుర్తింపు కార్డుల ఫోటోలు. మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టాలి, గడ్డం ఎత్తమనాలి, కాస్త నవ్వమనాలి. నాకు నోరు పెగిలేది కాదు. ఆడవాళ్లయితే మరీ. గడ్డం ఎత్తమనలేక దగ్గరికెళ్లి కాలరు సర్దేవాణ్ణి. కాలరు సర్దితే మనిషి తనంతట తనే గడ్డం ఎత్తుతాడు. ఇది నేను కనిపెట్టింది. ఎవరూ నేర్పలేదు.

నా ఫోటోల్లో మొహాలు ఎలా ఉన్నా కాలర్లు బాగుండేవి. ఒకాయన తన ఫోటో చూసుకుని, "మొహం ఎప్పట్లానే ఏడ్చింది గానీ చొక్కా మాత్రం పెళ్లికొడుకులా ఉందయ్యా" అన్నాడు. ఆయనకి రెడీమేడ్ బట్టల కొట్టు ఉంది. అలా బట్టల ఫోటోలకి వచ్చాను. తర్వాత మిల్లుల కేటలాగులు, తర్వాత పత్రికలు, తర్వాత పెద్ద పెద్ద దుస్తుల కంపెనీలు. ఇవన్నీ పుస్తకాలమ్మాయి దగ్గర లిస్టు ఉంది. నాకంటే ఆమెకే బాగా తెలుసు.

పద్ధతి కూడా రాయమంది. ముందు బట్టని ఒంటరిగా చూస్తాను. హ్యాంగరుకి తగిలించి కిటికీ పక్కన పెట్టి ఒక పూటంతా చూస్తాను. వెలుతురు జరిగేకొద్దీ ఏ మడతలో చీకటి పడుతుందో చూస్తాను. ఉన్ని బరువుగా దిగుతుంది. పట్టు మాట వినదు. నూలు చెప్పింది చెప్పినట్టు చేస్తుంది, పావుగంటలో మర్చిపోతుంది. తర్వాత మనిషి. మనిషితో నేను మాట్లాడను. నేల మీద టేపు ముక్క అంటిస్తాను, అక్కడ నిలబడతారు. మరీ చెప్పాల్సొస్తే గోడ వైపు తిరిగి చెప్పేవాణ్ణి. కొంచెం ఎడమకి. కొంచెం వెనక్కి. మోడలు పిల్లలు నన్ను గోడ సార్ అనేవారు. మొదట్లో చాటుగా అనేవారు, పోనుపోను మొహం మీదే.

ఆ తర్వాత ఒకటి, రెండు, మూడు. మూడుకి నొక్కుతాను. ఎప్పుడూ మూడుకే. లెక్క ఉంటే ఎవరికీ భయం ఉండదు. ముఖ్యంగా నాకు.

వెనక సంగతి ఎవరికీ తెలియదు. ఫోటోలో బట్ట ఒంటికి అచ్చు గుద్దినట్టు కనిపిస్తుంది. వెనక్కి వెళ్లి చూస్తే అంతా పిన్నులు, క్లిప్పులు, భుజాల కింద మడిచి కుక్కిన పల్చటి కాగితం. ఆ వెనక పని మా చెల్లెలిది. ముప్పై ఏళ్లు అదే చేసింది. స్టూడియోలో అందరికీ పిన్నులక్క. ఇప్పుడు రెండు వీధుల అవతల చిన్న గదిలో బట్టలు సరిచేసే కొట్టు పెట్టుకుంది. ప్యాంట్ల అంచులు, జిప్పులు, నడుము బిగింపులు.

అమ్మ బట్టలు కుట్టేది. అందుకే మా ఇద్దరికీ బట్ట తెలుసు.

మార్చి 8, శనివారం

పుస్తకాలమ్మాయి పొద్దున్నే వచ్చింది. పాత నెగెటివ్‌ల పెట్టెలు దింపింది. కింద దీపం వెలిగే అద్దం బల్ల ఒకటి తెచ్చుకుంది. దాని మీద నెగెటివ్‌లు పరిచి, భూతద్దం కంటికి ఆనించుకుని చూస్తూ కూర్చుంది. నేను టీ పెట్టాను.

"సార్! గాలి కోటు దొరికింది!"

గాలి కోటు నా పేరు మోసిన ఫోటో. నలభై ఒక్క ఏళ్ల కిందటిది. బూడిదరంగు ఉన్ని కోటు వేసుకున్న పొడుగాటి అమ్మాయి, కోటు ఒక పక్కకి రెక్కలా లేచి ఉంటుంది, తల వెనక్కి తిప్పి నవ్వుతూ ఉంటుంది. ఉన్ని మిల్లు కేటలాగు కోసం తీసింది. తర్వాత దానికి బహుమతి వచ్చింది, గోడలకెక్కింది, బట్టల ఫోటోలు నేర్చుకునే పిల్లలకి అది చూపించి పాఠాలు చెబుతారట. ఇప్పుడు పుస్తకం అట్ట మీద కూడా అదే. పుస్తకం పేరూ అదే.

"కేటలాగులో కత్తిరించేశారు సార్. అసలు నెగెటివ్‌లో ఎడమ పక్కన ఇంకా ఉంది. ఇదిగో చూడండి, అంచులో ఒక చెయ్యి. కోటు అంచుని అప్పుడే వదిలినట్టుంది. ఎవరిది సార్ ఈ చెయ్యి?"

టీ గ్లాసులు పట్టుకుని నిలబడ్డాను.

"మా చెల్లెలిది" అన్నాను.

"పిన్నులక్కదా! అబ్బ, ఎంత బాగుంది! ఇన్నాళ్లూ ఈవిడ చెయ్యి ఎవరికీ కనిపించకుండా కత్తిరించేశారన్నమాట!"

కత్తిరించింది నేనే. స్కేలు పెట్టి, గీత గీసి, కేటలాగు వాళ్లకి నేనే ఇచ్చాను.

టీ తాగి వెళ్లిపోయింది. వెళ్తూ ఒక కాగితం ఇచ్చింది. ఈ పుస్తకంలోని ఫోటోలన్నీ నేను తీసినవే అని ఉంది అందులో. ఇరవై ఎనిమిదో తారీకు లోపల సంతకం చేసి ఇవ్వాలి. ఆ రోజు పుస్తకం అచ్చుకి వెళ్తుంది.

చెయ్యి నాది. చిటికెన వేలు వంకర. చిన్నప్పుడు తలుపు సందులో పడి విరిగింది.

మార్చి 9, ఆదివారం

నొక్కడం ఒక పనా?

లైటు పెట్టింది నేను. ఫిల్మ్ వేసింది నేను. ఎంత వెలుతురు, ఎంత వేగం, అన్నీ చూసి పెట్టింది నేను. నేల మీద టేపు అంటించింది నేను. ఆ గది నాది. చెల్లెలు నొక్కింది. అంతే. ఇల్లు కట్టినవాడు ఒకడు, తాళం తీసినవాడు ఒకడు. తాళం తీసినవాడిది కాదు కదా ఇల్లు.

పొద్దున్నుంచి ఇది నాలుగుసార్లు అనుకున్నాను. ప్రతిసారీ బాగానే ఉంది.

మార్చి 12, బుధవారం

పుస్తకాలమ్మాయి ఫోను. చాలా సంతోషంగా ఉంది.

"సార్, కంపెనీవాళ్లకి చూపించా. గాలి కోటు మొత్తం ఫ్రేము రెండు పేజీల్లో వేస్తున్నాం. కింద పిన్నులక్క గురించి రాస్తాను. ముప్పై ఏళ్లు వెనక నిలబడిన మనిషి, ఒక్కసారే ఫోటోలోకి వచ్చిన చెయ్యి. పక్కనే ఆవిడ చెయ్యి ఇప్పుడెలా ఉందో అదీ ఫోటో తీసి వేద్దాం. శనివారం ఆవిడ దగ్గరికి వెళ్దామా?"

సరే అన్నాను.

ఫోను పెట్టేశాక కుర్చీలో చాలాసేపు కూర్చున్నాను. దాని ఫోటో నేను తీసుకున్నాను. ఇప్పుడు దానికి నా చెయ్యి ఇస్తున్నాను.

ఇంకోటి కూడా అడిగింది. అట్ట వెనక వేయడానికి నా ఫోటో. నా దగ్గర లేదు. ఎప్పుడూ దిగలేదు. కెమెరా వెనకే ఉండే ఉద్యోగం కదా, అందుకే చేరానేమో.

మార్చి 13

సంతకం పెట్టారా సార్ అని అడిగింది. కలం కనిపించడం లేదన్నాను. చొక్కా జేబులోనే ఉంది.

మార్చి 15, శనివారం

వెళ్లాం.

చెల్లెలి కొట్టు ఒక్క గది. కిటికీ కింద మిషను. గోడకి అరలు, అరల నిండా గుండీల డబ్బాలు. ఒక తాడు మీద సరిచేసిన బట్టలు, ఒక తాడు మీద సరిచేయాల్సినవి. మేము వెళ్లేసరికి ఒక పెద్దాయన స్టూలు మీద నిలబడి ఉన్నాడు. అది కింద కూర్చుని ఆయన ప్యాంటు అంచుకి పిన్నులు పెడుతోంది. నోట్లో పిన్నులు. మమ్మల్ని చూసి కనుబొమలు ఎగరేసింది. కూర్చోమని అర్థం.

పెద్దాయన వెళ్లాక పుస్తకాలమ్మాయి పెద్ద కాగితం మీద తీసిన ఫోటో మిషను మీద పరిచింది. చెయ్యితో సహా.

"పిన్నులక్కా, మీ చెయ్యి! సార్ చెప్పారు. చూడండి ఎంత స్పష్టంగా ఉందో."

చెల్లెలు ఒక్కొక్క పిన్నూ నోట్లోంచి తీసి మెత్తకి గుచ్చింది. కళ్లజోడు పెట్టుకుంది. వంగి చూసింది. ఆ తర్వాత నా వైపు చూసింది.

నేను గుండీల డబ్బాలు చూస్తున్నాను. నల్లవి ఒక డబ్బా, తెల్లవి రెండు.

"ఆఁ, నాదే" అంది.

"చిటికెన వేలు కొంచెం వంకరగా ఉంది కదక్కా?"

"అప్పట్లో వంకరగానే ఉండేదమ్మా. పిన్నులు పెట్టీ పెట్టీ తిన్నగా అయిపోయింది."

పుస్తకాలమ్మాయి నవ్వింది. నవ్వు సగంలో ఆగింది. చెల్లెలి చేతులు మిషను మీద ఉన్నాయి. చిన్న చేతులు. పది వేళ్లూ సూదుల్లా తిన్నగా ఉన్నాయి.

"ఒక్క ఫోటో తీసుకోనా అక్కా, మీ చెయ్యి?"

"ఇవాళ వద్దు. చేతులకి తీరిక లేదు. ఇదిగో, ఈ గౌను సాయంత్రానికి ఇవ్వాలి." చేతులు గౌను కిందికి పోనిచ్చింది.

నేను నా ఎడమ చెయ్యి జేబులో పెట్టుకున్నాను. అప్పుడే పెట్టుకోవాల్సింది కాదు.

మార్చి 16, ఆదివారం

సరిగ్గా రాస్తాను. ఎవరూ చూడరు కదా.

ఆ రోజు గాలి లేదు. అది కిటికీలు మూసిన గది. గాలి కోసం పెద్ద ఫ్యాను తెప్పించాం, అది మధ్యాహ్నానికి మాడిపోయింది. మిల్లువాళ్లు కోటు ఎగురుతూ ఉండాలన్నారు. సాయంత్రానికి ఇవ్వాలి. పొడుగమ్మాయి పొద్దున్నుంచీ నిలబడి ఉంది. కొత్త పిల్ల, అదే మొదటి రోజు. కోటు ఆమె కంటే రెండు కొలతలు పెద్దది. వెనకంతా క్లిప్పులు.

చెల్లెలు అంది, "ఎవరైనా పక్కన నిలబడి అంచు పట్టుకుని పైకి విసరాలి. నేను విసిరితే ఆ పిల్ల మోకాలి దాకా కూడా లేవదు. నువ్వు పొడుగు, నువ్వు విసురు. నేను నొక్కుతా."

"నీకు తెలుసా?" అన్నాను.

"పదేళ్లుగా చూస్తున్నాగా. అంత గుడ్డిదాన్నా?"

నేను కెమెరా స్టాండు మీద బిగించి, అంతా సరిచేసి, కదపొద్దని చెప్పి వెళ్లాను. ఫ్రేముకి అవతల నిలబడి కోటు అంచు పట్టుకున్నాను. మూడుకి విసురుతాను, మూడుకి నొక్కు అన్నాను. ఒకటి అన్నాను. రెండు అన్నాను. ఉన్ని దుమ్ము ముక్కులోకి పోయి తుమ్మొచ్చింది. మామూలు తుమ్ము కాదు. చెయ్యి దానంతట అది లేచింది, కోటు ఎగిరింది. పొడుగమ్మాయి ఉలిక్కిపడి వెనక్కి తిరిగి నన్ను చూసింది. పొద్దున్నుంచి గోడతో మాట్లాడిన మనిషి ఇల్లు కూలేలా తుమ్మాడు. ఆమెకి నవ్వాగలేదు.

అప్పుడు టక్ అంది.

చూస్తే చెల్లెలు స్టాండు దగ్గర లేదు. కెమెరా స్టాండు మీంచి ఊడదీసుకుంది. మూడడుగులు పక్కకి జరిగి, నేల మీద కూర్చుని ఉంది. నేను పెట్టిన ఫ్రేము కాదు అది. నేను పెట్టిన ఫోకస్ కాదు. పెద్ద లైటు కూడా గోడ వైపు తిప్పేసింది, నేను చూడనే లేదు.

నేనైతే మూడు దాకా ఆగేవాణ్ణి. ఇంకోసారి అనేవాణ్ణి. కోటు చక్కగా సర్దేవాణ్ణి. నేను బట్టని చూసేవాణ్ణి. అది మనిషిని చూసింది.

ఆ ఫోటో గురించి రాసినవాళ్లందరూ ఒకటే అడుగుతారు, ఆమె ఎవర్ని చూసి నవ్వుతోంది అని. నన్ను చూసే. నా కెమెరా ముందు నిలబడ్డ ఏ అమ్మాయీ నన్ను చూసి అలా నవ్వలేదు. అప్పుడు నేను కెమెరా వెనక లేను.

ఇల్లు, తాళం అని రాశాను పోయిన ఆదివారం. కొట్టేయలేదు. ఉండనీ.

మార్చి 18, మంగళవారం

గాలి కోటుకి బహుమతి ఇచ్చిన రోజు. వేదిక ఎక్కాలి. నాకు మంచి కోటు లేదంటే చెల్లెలు కుట్టింది. నల్లది. చేతులు మణికట్టు దగ్గర ఎంత ఉండాలో అంతే ఉన్నాయి. వెనక ఒక్క పిన్ను లేదు, క్లిప్పు లేదు. నిజంగా నా కొలతకే కుట్టింది. వేదిక మీద నాలుగు మాటలు మాట్లాడమన్నారు. నమస్కారం పెట్టి దిగిపోయాను. ఎంత వినయం అన్నారు జనం. అది మూడో వరసలో కూర్చుని చప్పట్లు కొట్టింది.

అందరికంటే గట్టిగా కొట్టింది. లేక నాకలా అనిపించిందేమో.

స్టూడియో పేరు నాది కాబట్టి కేటలాగులో నా పేరు పడింది. అది ఎవరి తప్పూ కాదు. అక్కడిదాకా ఎవరి తప్పూ కాదు.

బహుమతికి చాలా ముందు, ఆ ఫోటో తీసిన తర్వాత వారంలో, అది నన్ను ఒకటి అడిగింది. అది రాయను.

మార్చి 19

ఆ ఒక్క ఫోటో తీసేస్తే నేనెవర్ని? కోట్లు, గౌన్లు శుభ్రంగా తీసినవాణ్ణి. అలాంటివాళ్లకి పుస్తకం వేయరు.

మార్చి 20, గురువారం

ఇవాళ ఒక్కణ్ణే వెళ్లాను. చెల్లెలు ఎవరిదో ప్యాంటు అంచు విప్పుతోంది.

"కూర్చో. ఆ కుర్చీ కాదు, దాని మీద జిప్పులున్నాయి."

నిలబడ్డాను.

"టీ తాగుతావా?"

"వద్దు."

"టీ కూడా వద్దంటే విషయం పెద్దదే" అంది.

"మొన్న ఎందుకలా చెప్పావు?"

"నువ్వు చెప్పి తీసుకొచ్చావుగా. బయటి పిల్ల ముందు నిన్ను పట్టివ్వమంటావా?"

"కోపం రాలేదా?"

"ఎందుకు రాదూ? పనసకాయంత నీ చెయ్యిని తెచ్చి నాకు అంటగడతావా? చూసినవాళ్లు నన్నేమనుకుంటారు?"

నాకు నవ్వు రాలేదు. అది నా మొహం చూసి తనూ నవ్వు ఆపింది. దారం తెంపింది.

"ఫోటో నీది" అన్నాను. గోడ వైపు కాదు. దాని వైపే చూసి అన్నాను.

"నాదే. నాకు తెలియదా?"

"పేరు వేయిస్తాను."

"వేయిస్తే వేయించు, లేకపోతే లేదు. అది కాదన్నయ్యా." ప్యాంటు ఒళ్లో పెట్టుకుని రెండు చేతులూ దాని మీద పెట్టింది. "ఆ తర్వాత వారం నేనొకటి అడిగాను. గుర్తుందా?"

"ఉంది."

"చెప్పు, ఏమడిగాను?"

"రేపు గౌన్లవి రెండు ఫోటోలు నేను తీయనా అన్నావు."

"నువ్వేమన్నావు?"

గుండీల డబ్బాలు. నల్లవి ఒకటి, తెల్లవి రెండు.

"అటు కాదు. ఇటు చూసి చెప్పు."

"మరి పిన్నులు ఎవరు పెడతారు అన్నాను."

"ఆఁ. అదీ." ప్యాంటు మీది దారం ముక్క ఏరేసింది. "కుదరదు పొమ్మంటే పోట్లాడేదాన్ని. నీకు రాదు అంటే నేర్చుకునేదాన్ని. నువ్వేమో నిజమే చెప్పావు. నిజంగానే పిన్నులు పెట్టడానికి ఇంకెవరూ లేరు. దానికి నేనేం జవాబు చెప్పాలి?"

ఆ రోజు నా మాట విన్నాక అది ఏం చేసిందో నాకు బాగా గుర్తు. డబ్బాలోంచి పిడికెడు పిన్నులు తీసి, ఒక్కొక్కటీ పెదాల మధ్య పెట్టుకుంది. నేను పనిలో పడిందనుకున్నాను. నోట్లో పిన్నులుంటే ఎవరూ మాట్లాడలేరు. ఆ తర్వాత స్టూడియోలో అందరూ అనేవారు, అన్న మాట్లాడడు సరే, చెల్లెలు కూడా ఇంత తక్కువ మాట్లాడుతుందేమిటి అని. చిన్నప్పుడు ఊళ్లో దాన్ని వసపిట్ట అనేవాళ్లు.

"నేను పెట్టి ఉండాల్సింది" అన్నాను.

"ఏంటి?"

"పిన్నులు. ఆ రెండు ఫోటోలకి నేను పెట్టి ఉండాల్సింది."

అది కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. అద్దాలు బాగానే ఉన్నాయి.

"నువ్వు పెడితే ఆ పిల్లకి వీపంతా రక్తం కారేది" అంది.

ఆ తర్వాత అడిగాను. ఎలా అడిగానో తెలియదు. పుస్తకం వెనక నా ఫోటో కావాలంట, నువ్వు తీస్తావా అని.

"నీ ఫోటోనా? నువ్వు కెమెరా ముందు నిలబడతావా?"

"నిలబడతాను."

"పారిపోకుండా కాళ్లకి టేపు వేయాలి అయితే." ప్యాంటు మళ్లీ చేతిలోకి తీసుకుంది. "చూద్దాంలే. నాకు పనుంది. వెళ్లేటప్పుడు తలుపు దగ్గరికి వెయ్యి."

మార్చి 21, శుక్రవారం

పుస్తకాలమ్మాయిని పిలిచి చెప్పాను. మొత్తం. తుమ్ముతో సహా. ఇంత పొడుగు మాట నేను జన్మలో మాట్లాడి ఉండను. మధ్యలో రెండుసార్లు మంచినీళ్లు తాగాను.

"నాకు పోయిన శనివారమే తెలిసింది సార్" అంది. "మీ చెయ్యి జేబులోకి వెళ్లినప్పుడు."

"అడగలేదే?"

"అడిగితే మీరు గోడ వైపు తిరుగుతారు. మీరే చెప్తారేమోనని చూశాను. చెప్పకపోతే ఏం చేయాలో మాత్రం నాకు తెలియలేదు."

కాగితం తిరిగి ఇచ్చేశాను, సంతకం లేకుండా. తీసుకుని సంచిలో పెట్టుకుంది. మొహం దిగులుగా ఉంది. కంపెనీవాళ్లు ఏమంటారో సార్ అంది.

మార్చి 22

ఏ కబురూ లేదు.

మార్చి 23

లేదు.

మార్చి 24, సోమవారం

కబురొచ్చింది. ఒక మనిషి పేరు మీద వచ్చే పుస్తకానికి ఇంకొకరు తీసిన ఫోటో అట్ట మీద వేయలేమన్నారట. పుస్తకం పేరూ మార్చేశారు. ఇప్పుడు నా పేరే పుస్తకం పేరు. వెయ్యాలనుకున్న కాపీల్లో సగమే అచ్చు వేస్తారు. గాలి కోటు లోపల ఉంటుంది, మొత్తం ఫ్రేము, చెయ్యితో సహా. కింద ఏం రాయాలో మీరే రాసివ్వండి సార్ అంది.

అట్ట మీద తోలు చేతితొడుగుల ఫోటో. నేను తీసింది. మూడుకి నొక్కింది. చూశాను. బాగుంది. కుట్టు కుట్టు లెక్కపెట్టొచ్చు. బాగుంది, అంతే.

బాధగా లేదని రాద్దామనుకున్నాను. ఉంది.

మార్చి 26, బుధవారం

చెల్లెలు వచ్చింది. చెప్పకుండా. మెట్లెక్కి ఆయాసపడుతూ తలుపు దగ్గరే నిలబడింది.

"ఏదీ నీ కెమెరా?"

పాతది తీశాను. ఫ్రిజ్‌లో ఒక ఫిల్మ్ ఉంది, గడువు ఎప్పుడో దాటింది. వేశాను. ఈ చక్రం వెలుతురుకి, ఇది దూరానికి అని చెప్పబోయాను.

"నువ్వు అటు జరుగు" అంది.

నల్ల కోటు వేసుకున్నాను. అది కుట్టిందే. భుజాల దగ్గర వదులైంది, నేను తగ్గాను. వెనక్కొచ్చి చూసి, సంచిలోంచి రెండు పిన్నులు తీసింది. ఒక్క క్షణం ఆగింది. మళ్లీ సంచిలో పడేసింది.

"అక్కర్లేదు. వదులుగానే ఉండనీ."

కర్టెను సగం జరిపింది. నేను ఎక్కడ నిలబడాలో నేల మీద వెతుక్కున్నాను. టేపు లేదు. చేతులు ఏం చేసుకోవాలో తెలియలేదు. ఎడమ చెయ్యి జేబు వైపు వెళ్లింది.

"చెయ్యి బయట పెట్టు. దాన్నెందుకు దాస్తావు, ఇంకో వారంలో పుస్తకంలో అందరూ చూసేదేగా."

అది పక్కకి జరిగింది. మోకాళ్లు నొప్పి కదా, నేల మీద కూర్చోలేక స్టూలు లాక్కుంది. ఎదురుగా నిలబడటం ఇంత కష్టమని ఇన్ని వేలమందిని నిలబెట్టినవాడికి తెలియదు. అలవాటు కొద్దీ లోపల లెక్కపెట్టుకున్నాను. పైకే అన్నానేమో.

ఒకటి. రెండు.

టక్ అంది.

"నేనింకా మూడు అనలేదు" అన్నాను.

"నువ్వు అనేదాకా ఆగితే ఇంకేముంది?" అంది. కెమెరా దించలేదు. "కదలకు. ఇంకోటి."

ఫిల్మ్ అయిపోయేదాకా తీసింది. నేను నిలబడ్డాను. మధ్యలో ఒకసారి కోటు అంచు మడత పడితే తనే లేచొచ్చి సర్దబోయింది. నేను సర్దుకుంటాను, నువ్వక్కడే ఉండు అన్నాను.

మార్చి 28, శుక్రవారం

పుస్తకాలమ్మాయి నోటుబుక్కు కోసం వచ్చింది. ముందు వైపు ఒక్క పేజీయే రాశాను. చింపి ఇచ్చాను.

"ముందుమాట ఇంతేనా సార్?"

"ఇంతే."

గాలి కోటు కింద వేయాల్సింది అది. చెల్లెలి పేరు రాశాను, ఇంటిపేరుతో సహా. రాస్తుంటే తెలిసింది, ఆ పేరు నేను ఇంతకు ముందు ఎక్కడా రాయలేదని. స్టూడియో కాగితాల మీద సహాయకురాలు అనే రాసేవాణ్ణి. అక్షరాలు గుండ్రంగానే వచ్చాయి.

దాని పేరు తర్వాత ఇలా రాశాను.

ఈ ఫోటో తీసింది ఈమె. నా చెల్లెలు. ఎడమ అంచున ఉన్న చెయ్యి నాది. ఆ రోజు గాలి లేదు.